అత్యవసర హెచ్చరికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోను ఉన్నట్టుండి హోరెత్తినప్పుడు, సైరన్ మోగినప్పుడు, ఆ హోరు అణిగిన మర్నాడు ప్రజలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటిగానే ఉంటాయి. ప్రతిసారీ కొత్తగా జవాబు రాయడం కన్నా వాటిని ఒకచోట చేర్చడం మేలనిపించి ఈ పేజీని సిద్ధం చేశాం. ప్రమాదాన్ని పసిగట్టడం మొదలు, అది తొలగిపోయిందన్న కబురు వరకు ప్రశ్నలను దశలవారీగా అమర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి కాబట్టి మీ సందేహం ఉన్న చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## హెచ్చరిక వెలువడక ముందు

హెచ్చరిక ఇవ్వాలని నిర్ణయించేది యంత్రమా, మనిషా?

అది ప్రమాదం ఇచ్చే వ్యవధిని బట్టి ఉంటుంది. భూకంపం విషయంలో మనిషి ఆలోచించేందుకు సమయమే ఉండదు కాబట్టి, భూమిలో పాతిన పరికరాల సంకేతాలను కంప్యూటరు లెక్కగట్టి తానే హెచ్చరికను విడుదల చేస్తుంది. తుపాను, వరద, కార్చిచ్చు, రసాయన వాయువు లీకు వంటి వాటిలో మాత్రం తుది మాట మనిషిదే. వాతావరణ సంస్థ గానీ నదీ ప్రవాహాన్ని కొలిచే సంస్థ గానీ ప్రమాదం ఎంతటిదో అంచనా వేసి చెబుతుంది. ఇళ్లు ఖాళీ చేయాలా, లోపలే ఉండాలా అన్నది ఆ ప్రాంత పాలనా యంత్రాంగం తేల్చి, ప్రజలకు సందేశం పంపుతుంది.

ఆలస్యం ఎక్కువగా చోటుచేసుకునేది ఈ రెంటి మధ్యనే. 2024 అక్టోబరు 29న స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతాన్ని వరద ముంచెత్తినప్పుడు వాతావరణ సంస్థ ఉదయమే అత్యున్నత స్థాయి హెచ్చరిక జారీ చేసింది. అయితే ప్రజల ఫోన్లకు అత్యవసర సందేశం అందింది రాత్రి 8 గంటల 11 నిమిషాలకు. అప్పటికే అనేక ఊళ్లలో నీరు వీధుల నిండా పారుతోంది. ఆ వరదలో 220 మందికి పైగా మరణించారు. ప్రమాదం కనిపించక కాదు, కనిపించిన ప్రమాదం గురించి సమయానికి నోరు విప్పకపోవడం వల్ల ఇలాంటి నష్టాలు పెరుగుతాయన్నది మా అభిప్రాయం.

ముందస్తు సూచన, హెచ్చరిక ఒకటే కదా? రంగులు ఎందుకు?

ఒకటి కాదు. పరిస్థితులు ప్రమాదానికి అనుకూలంగా ఉన్నాయని, కనిపెట్టుకొని ఉండమని చెప్పేది సూచన. ప్రమాదం మొదలైందని లేదా ముంచుకొస్తోందని, వెంటనే కదలమని చెప్పేది హెచ్చరిక. నిపుణులు మూడు విషయాలను విడివిడిగా తూచి స్థాయిని నిర్ణయిస్తారు: ఎంత త్వరగా స్పందించాలి, దెబ్బ ఎంత తీవ్రంగా ఉంటుంది, అది జరిగే అవకాశం ఎంత. రంగులు ఈ లెక్కను ఒక్క చూపులో అందించే ప్రయత్నం మాత్రమే. ఏ రంగుకు ఏ అర్థమన్నది దేశాన్ని బట్టి, కొన్నిసార్లు ప్రమాదాన్ని బట్టి మారుతుంది కనుక, కొత్త చోటికి వెళ్లినవారు పాత అలవాటు మీద ఆధారపడకూడదు.

భూకంపాన్ని ముందుగా చెప్పలేమంటారు. మరి ఫోనుకు హెచ్చరిక ఎలా వస్తుంది?

భూకంపం ఎప్పుడు వస్తుందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. ఈ వ్యవస్థలు చెప్పేది రాబోయే భూకంపం గురించి కాదు. అప్పటికే మొదలైన భూకంపం మీ దగ్గరికి ఇంకా చేరలేదని మాత్రమే. భూమి లోపల పొర చీలినప్పుడు రెండు రకాల తరంగాలు బయలుదేరుతాయి. ముందు వచ్చేది సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది, పెద్దగా నష్టం చేయదు. గోడలు కూల్చేది రెండోది. దాని వేగం సెకనుకు సుమారు మూడున్నర కిలోమీటర్లు. చీలికకు దగ్గరలోని పరికరాలు మొదటి తరంగాన్ని పట్టుకొని తీవ్రతను అంచనా కడతాయి. ఆ కబురు రేడియో తరంగాల మీద, తీగల మీద దాదాపు కాంతి వేగంతో వెళుతుంది కాబట్టి కంపనం కన్నా ముందే దూరపు ఊళ్లకు చేరుతుంది.

పది సెకన్లలో హెచ్చరిక వెలువడిందనుకుందాం. అప్పటికి రెండో తరంగం 35 కిలోమీటర్లు సాగి ఉంటుంది. కనుక చీలికకు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి మరో 18 సెకన్ల వ్యవధి దొరుకుతుంది. 35 కిలోమీటర్ల లోపు ఉన్నవారికి ఏమీ దొరకదు. అతి తీవ్రంగా ఊగేది వాళ్ల ఇళ్లే. ఈ లోటును ఏ సాంకేతికతా పూర్తిగా పూడ్చలేదు. జపాన్ ఇలాంటి హెచ్చరికలను సాధారణ ప్రజలందరికీ 2007 అక్టోబరు 1 నుంచి అందిస్తోంది. అక్కడ ఆ కొద్ది సెకన్లలోనే వేగంగా వెళ్లే రైళ్లకు బ్రేకులు పడతాయి. మనిషి విషయానికొస్తే బల్ల కిందికి దూరడానికి, పొయ్యి దగ్గర్నుంచి పక్కకు జరగడానికి 18 సెకన్లు తక్కువేమీ కాదు. వచ్చిన సందేశాన్ని రెండుసార్లు చదవడానికి మాత్రం చాలవు.

సునామీ వస్తుందంటే ఎంత సమయం ఉంటుంది?

నాలుగు వేల మీటర్ల లోతున్న సముద్రంలో సునామీ గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. పుట్టిన చోటికి వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న తీరానికి గంటకు పైగా వ్యవధి ఉండవచ్చు, ఎదురుగా ఉన్న తీరానికి ఇరవై ముప్పై నిమిషాలే ఉండవచ్చు. 2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రంలో పుట్టిన సునామీ రెండు లక్షల మందికి పైగా ప్రాణాలు తీసింది. కొన్ని తీరాలను అది తాకడానికి గంటలు పట్టినా, అప్పట్లో ఆ సముద్రానికి హెచ్చరిక వ్యవస్థ లేకపోవడంతో ఆ గంటలు ఎవరికీ అక్కరకు రాలేదు.

తొలి అంచనాను తుది అంచనాగా తీసుకోకూడదు. 2011 మార్చి 11న జపాన్ వాతావరణ సంస్థ భూకంపం వచ్చిన మూడు నిమిషాలకే సునామీ హెచ్చరిక ఇచ్చింది. అయితే ఆ లెక్క తీవ్రతను 7.9గా తీసుకొని కట్టినది. అసలు తీవ్రత 9.0. అక్కడి ఇవాటే అనే ప్రాంతపు తీరానికి 3 మీటర్ల అల వస్తుందని మొదట చెప్పారు, వచ్చిన అల దానికి ఎన్నో రెట్లు ఎత్తయినది. ఈ అనుభవంతో 2013 నుంచి అక్కడ మహా భూకంపాల తొలి హెచ్చరికలో మీటర్ల అంకెను పక్కనపెట్టి, 'భారీ' అన్న మాట వాడుతున్నారు. కచ్చితంగా తెలియని అంకెను చెప్పడం కన్నా అదే మంచిది.

తీరంలో ఉన్నవారికి నేలే మొదటి హెచ్చరిక. కంపనం బలంగా గానీ ఎక్కువసేపు గానీ సాగినా, సముద్రం అసాధారణంగా వెనక్కి తగ్గినా ఏ సందేశం కోసమూ ఆగకుండా ఎత్తయిన చోటికి వెళ్లాలి. ఇండోనేషియాలోని సిములు ద్వీపం 2004లో భూకంప కేంద్రానికి అతి దగ్గరగా ఉంది. 1907 నాటి సునామీ జ్ఞాపకాన్ని అక్కడివారు 'స్మోంగ్' అన్న ఒక్క మాటలో తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. నేల ఊగగానే ఆ మాట అరుస్తూ కొండలెక్కారు. దాదాపు 78 వేల మందిలో చనిపోయినవారు అతి కొద్దిమంది.

## హెచ్చరిక దారిలో ఉన్నప్పుడు

నా నంబరు వాళ్లకు ఎలా తెలిసింది? నేనెక్కడున్నానో కనిపెడుతున్నారా?

మీ నంబరు వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఈ పద్ధతిని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. రేడియో కేంద్రం పాట ప్రసారం చేసినట్లే, ఎంపిక చేసిన టవర్లు సందేశాన్ని గాలిలోకి వదులుతాయి. వాటి పరిధిలో ఆన్‌లో ఉన్న ప్రతి ఫోనూ దాన్ని అందుకుంటుంది. ఎవరు అందుకున్నారో పంపినవారికి తిరిగి తెలియదు. ఇంటర్నెట్ గానీ, యాప్ గానీ, రీఛార్జి గానీ అవసరం లేదు. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రయాణికుడి ఫోను సైతం మోగుతుంది.

అందరికీ ఎస్సెమ్మెస్ పంపితే సరిపోదా?

ఎస్సెమ్మెస్ ఒక్కొక్క నంబరుకూ విడివిడిగా వెళ్లాలి. పది లక్షల మందికి పంపాలంటే పది లక్షల సందేశాలు వరుసలో నిలబడాలి. అదే సమయానికి జనమంతా ఇంటివాళ్లకు ఫోన్లు చేస్తుంటే ఆ వరుస కదలదు. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో వినేవారు పది మందైనా పది లక్షలైనా టవరుకు పడే భారం ఒక్కటే. పైగా ఎస్సెమ్మెస్ సాధారణ టింగుమనే చప్పుడుతో వచ్చి, ప్రకటనల మధ్య కూర్చుంటుంది. అర్ధరాత్రి దానికి ఎవరు లేస్తారు?

పక్క వీధివారికి వచ్చింది, నాకెందుకు రాలేదు?

టవరు పరిధి వీధుల హద్దులను పాటించదు. అధికారులు పటం మీద గీసిన ప్రాంతం అంచున మీరుంటే, మీ ఫోను అవతలి టవరుకు అతుక్కొని ఉండవచ్చు. ఎయిరోప్లేన్ మోడ్‌లో ఉన్నా, సిగ్నల్ అందని గదిలో ఉన్నా, సెట్టింగుల్లో ఆ రకం హెచ్చరికను ఆపి ఉంచినా, ఫోను మరీ పాతదైనా రాదు. రాలేదు కాబట్టి ప్రమాదం మనకు లేదనుకోవడం మాత్రం పొరపాటు. దీనికి వ్యతిరేకంగా, ప్రమాద ప్రాంతానికి బయట ఉన్నవారికి సందేశం చేరడమూ సాధారణమే. ఊరి పేరు పూర్తిగా చదివితే సంగతి తెలుస్తుంది.

టీవీలో, రేడియోలో, ఫోనులో ఒకే మాట ఒకేసారి ఎలా వస్తుంది?

హెచ్చరికను ఒక్కో మాధ్యమానికి విడిగా రాయకుండా, అన్ని యంత్రాలకూ అర్థమయ్యే ఒకే నమూనాలో ఒక్కసారి రాస్తారు. దీన్ని కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అంటారు, పొడి అక్షరాల్లో సీఏపీ. 2004లో ప్రమాణంగా వెలువడిన ఈ నమూనాలో ప్రమాదం ఏమిటి, ఎక్కడ, ఎంత తీవ్రం, ఎంత నిశ్చయం, ఎప్పటి వరకు, ఏం చేయాలి అన్న గళ్లుంటాయి. టీవీ దాన్ని స్క్రోలింగుగా, రేడియో గొంతుగా, రోడ్డు పక్క తెర అక్షరాలుగా మార్చుకుంటాయి.

ఫోన్లుండగా సైరన్లు ఇంకా ఎందుకు?

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక జర్మనీ ఇలాగే అనుకొని వేలాది సైరన్లను తీసేసింది. 2021 జులైలో ఆర్ నది లోయలో రాత్రివేళ వరద వచ్చినప్పుడు చాలామందికి ఏ హెచ్చరికా అందలేదు. దేశం మొత్తం మీద 180 మందికి పైగా మరణించారు. అప్పటికి అక్కడ సెల్ బ్రాడ్‌కాస్ట్ కూడా లేదు, అది 2023 ఫిబ్రవరిలో వచ్చింది. ఇప్పుడు మళ్లీ సైరన్లు నిలబెడుతున్నారు. సైరన్‌కు నిద్రపోతున్నవారిని లేపే శక్తి ఉంది, ఛార్జింగుతో పని లేదు. అయితే అది ప్రధానంగా ఆరుబయట ఉన్నవారి కోసం. తలుపులు, కిటికీలు మూసిన గదిలోకి, గాలివాన హోరులోకి దాని శబ్దం చేరుతుందన్న భరోసా లేదు. ఏదో ఒక మార్గం దెబ్బతింటుందన్న అంచనాతోనే నాలుగైదు మార్గాలు ఉంచుతారు.

కరెంటు పోయి, టవర్లు కూలితే ఏమిటి గతి?

టవర్లకు బ్యాటరీలు, జనరేటర్లు ఉంటాయి గానీ అవి కొన్ని గంటలకో, రోజులకో ఉద్దేశించినవి. 2017 సెప్టెంబరులో మరియా తుపాను తర్వాత ప్యూర్టో రికోలో దాదాపు 95 శాతం మొబైల్ టవర్లు పనిచేయలేదు. 2022 జనవరిలో సముద్ర గర్భ అగ్నిపర్వతం పేలి టోంగాను బయటి ప్రపంచంతో కలిపే కేబుల్ తెగిపోయింది. అలాంటప్పుడు బ్యాటరీతో నడిచే రేడియోనే దిక్కు, దాని తర్వాత మనిషి గొంతు.

మనిషి గొంతును తక్కువగా చూడనక్కర్లేదు. 1970 నవంబరులో భోలా తుపాను నేటి బంగ్లాదేశ్ తీరంలో కనీసం మూడు లక్షల మందిని పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత అక్కడ వేల మంది స్వచ్ఛంద కార్యకర్తలతో తుపాను సన్నద్ధత కార్యక్రమం నిర్మించారు. వారు జెండాలతో, మెగాఫోన్లతో ఇంటింటికీ తిరిగి హెచ్చరిస్తారు, వృద్ధులను ఆశ్రయాలకు చేరుస్తారు. తర్వాతి దశాబ్దాల్లో పెద్ద తుపాన్లు వచ్చినా మరణాలు ఎన్నో రెట్లు తగ్గాయి. తెలిసిన ముఖం వచ్చి తలుపు తడితే వాదన తక్కువగా ఉంటుంది.

## హెచ్చరిక చేతికి అందినప్పుడు

ఆ శబ్దం అంత కర్ణకఠోరంగా ఎందుకు పెట్టారు?

కావాలనే. అమెరికాలో వాడే సంకేతం 853, 960 హెర్ట్జ్ స్వరాల కలయిక. సంగీతంలో పొసగని ఈ జంట చెవికి ఇంపుగా ఉండదు, దేనితోనూ పొరబడే వీలూ ఉండదు. ఆ శబ్దాన్ని ప్రకటనల్లో, హాస్య కార్యక్రమాల్లో వాడిన ప్రసార సంస్థలకు అక్కడ భారీ జరిమానాలు పడ్డాయి. వినోదంగా పదిసార్లు విన్న చప్పుడుకు పదకొండోసారి ఎవరూ లేవరు కనుక ఈ కట్టడి సబబే.

ఫోను సైలెంట్‌లో ఉంటే మోగుతుందా?

అత్యున్నత స్థాయి హెచ్చరికలు చాలా దేశాల్లో సైలెంట్‌ను దాటుకొని మోగుతాయి. ఫోను ఆఫ్ చేసి ఉంటే మాత్రం ఏ శబ్దమూ రాదు. రాత్రిపూట ఆఫ్ చేసే అలవాటు ఉన్నవారు ప్రమాద సూచన ఉన్న రోజుల్లోనైనా ఆన్‌లో ఉంచడం మంచిది.

మంచి సందేశంలో ఏమేం ఉండాలి?

ఎవరు చెబుతున్నారు, ప్రమాదం ఏమిటి, ఎక్కడ, ఏం చేయాలి, ఎప్పటిలోగా అన్న ఐదు సంగతులు. వీటిలో 'ఏం చేయాలి' అన్నదే ప్రాణం, తరచూ కొరవడేదీ అదే. 'నదిలో ప్రవాహం పెరిగినందున ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను' అన్న వాక్యం చదివి ఎవరూ కుర్చీలోంచి లేవరు. 'నదికి తూర్పున ఉన్నవారు ఆరు గంటల లోపు పాఠశాల గుట్ట మీదికి నడిచి వెళ్లండి, కారు తీయకండి' అంటే కాళ్లు కదులుతాయి. స్థలాభావం కూడా ఒక కారణమే: అమెరికాలో 2012లో మొదలైన ఫోను హెచ్చరికల్లో 90 అక్షరాలకే చోటుండేది, 2019 డిసెంబరులో దాన్ని 360కి పెంచారు.

సైరన్ మోగింది గానీ, దేనికో తెలియదు. బయటికి పరుగెత్తాలా, లోపల ఉండాలా?

సైరన్ పిలుస్తుంది గానీ వివరం చెప్పదు. విషవాయువు లీకైతే తలుపులు మూసుకొని లోపల ఉండాలి. సునామీ అయితే ఎత్తుకు వెళ్లాలి. ఒకదానికి చేసే పని రెండోదానికి ప్రాణాంతకం. అందుకే సైరన్ వినగానే చేయాల్సిన మొదటి పని రేడియో, టీవీ లేదా ఫోనులో అధికారిక సమాచారం చూడటం. 2023 ఆగస్టు 8న హవాయిలోని లహైనా పట్టణం కార్చిచ్చుకు ఆహుతైనప్పుడు సైరన్లు మోగించలేదు. సునామీ అనుకొని జనం కొండ వైపు, అంటే మంటల వైపే, వెళతారని భయపడ్డామని అప్పటి అధికారి వివరణ ఇచ్చారు. ఆ నిర్ణయం తీవ్ర విమర్శలకు గురైంది. ఏ కూతకు ఏ అర్థమో ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే ప్రజలకు నేర్పకపోతే అధికారి చేతులు ఇలాగే కట్టేసినట్లవుతాయి.

సందేశం నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

ఇంకొకరిని అడగాలనిపించడం మానవ సహజం. హెచ్చరిక అందిన వెంటనే కదిలేవారు తక్కువ. చాలామంది కిటికీలోంచి చూస్తారు, పొరుగువారిని అడుగుతారు, ఇంకో చానల్ పెడతారు. నిపుణులు దీన్ని తప్పుపట్టరు, ముందే లెక్కలోకి తీసుకొని ఒకే మాటను పలు మార్గాల్లో పంపుతారు. మీరు చేయగలిగింది ఆ తడబాటును కుదించడం: రెండో అధికారిక మార్గంలో ఒక్కసారి చూడండి, చూస్తూనే చెప్పులు వేసుకోండి. భూకంప హెచ్చరికకు ఆ ఒక్కసారి కూడా వద్దు. ఫోను తెరను ఆక్రమించి, ప్రత్యేక శబ్దంతో వచ్చేది అధికారిక సందేశం. వాట్సాప్‌లో 'అందరికీ పంపండి' అంటూ వచ్చేది కాదు. అధికారిక హెచ్చరిక ఓటీపీ గానీ, డబ్బు గానీ ఎప్పుడూ అడగదు.

వినికిడి లోపం ఉన్నవారికి, ఆ భాష రానివారికి ఎలా?

ఫోను హెచ్చరికతో పాటు ప్రత్యేకమైన వైబ్రేషన్ వస్తుంది. మెరిసే దీపాలు, దిండు కింద అదిరే పరికరాలు కూడా ఉన్నాయి. భాషల విషయం ఇంకా బలహీనంగానే ఉంది. కొన్ని దేశాలు ఒకటికి మించిన భాషల్లో సందేశం పంపుతాయి. వలస వచ్చినవారికి, పర్యాటకులకు మాత్రం పక్కనున్నవారు చెప్పే నాలుగు మాటలే చాలాసార్లు ఆధారం.

## పొరపాట్లు, పరీక్షలు

తప్పుడు హెచ్చరికలు ఎలా జారీ అవుతాయి?

2018 జనవరి 13 ఉదయం హవాయి ప్రజల ఫోన్లలో 'క్షిపణి వస్తోంది, ఆశ్రయం పొందండి, ఇది అభ్యాసం కాదు' అన్న అర్థంలో సందేశం మెరిసింది. లోపల జరుగుతున్న అభ్యాసాన్ని ఒక ఉద్యోగి నిజమనుకున్నారు. పొరపాటు అక్కడ మొదలైంది గానీ, అసలు లోపం తర్వాత బయటపడింది: హెచ్చరిక తప్పని చెప్పేందుకు సిద్ధంగా ఉంచుకున్న నమూనా సందేశమే లేదు. ఫోన్లకు సవరణ చేరడానికి 38 నిమిషాలు పట్టింది. ఒక్కరి నొక్కుతో హెచ్చరిక వెళ్లకుండా ఇద్దరి ఆమోదం తప్పనిసరి చేయడం ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో ఒకటి.

బయటివారి చేష్ట కూడా కారణం కావచ్చు. 2017 ఏప్రిల్ 7 అర్ధరాత్రి వేళ అమెరికాలోని డాలస్ నగరంలో ఎవరో రేడియో సంకేతాలతో 156 సైరన్లనూ మోగించారు. హడలిపోయిన ప్రజల కాల్స్‌తో అత్యవసర నంబరు స్తంభించింది.

మాటిమాటికీ వస్తున్నాయి. ఆఫ్ చేసేయవచ్చా?

తక్కువ స్థాయి హెచ్చరికలను ఆపే వెసులుబాటు చాలా ఫోన్లలో ఉంది. అత్యున్నత స్థాయి వాటిని ఆపే వీలు కొన్ని దేశాల్లో అసలు ఇవ్వరు. మీ విసుగు అర్థం చేసుకోదగినదే, అందులో పంపేవారి తప్పు కూడా ఉంది. జిల్లా అంతటికీ ఒకే హెచ్చరిక పంపితే పదిమందిలో తొమ్మిదిమందికి అది అనవసరమవుతుంది, పదోసారికి ఆ తొమ్మిదిమందీ చూడటం మానేస్తారు. దీనికి మందు ప్రమాద ప్రాంతాన్ని చిన్నదిగా, కచ్చితంగా గీయడం. మీ వైపు నుంచి కోరేది ఒక్కటే: ఆపదలచుకుంటే రకం చూసి ఆపండి, మొత్తానికి నోరు నొక్కకండి.

ఏ ప్రమాదమూ లేనప్పుడు సైరన్లు మోగించి భయపెట్టడం ఎందుకు?

ఫ్రాన్స్‌లో ప్రతి నెలా మొదటి బుధవారం, ఫిన్లాండ్‌లో మొదటి సోమవారం మధ్యాహ్నం సైరన్లను పరీక్షిస్తారు. పనిచేయని పరికరాన్ని కనిపెట్టడం ఒక ప్రయోజనం. జర్మనీ 2020 సెప్టెంబరు 10న దేశవ్యాప్త పరీక్ష జరిపితే యాప్ సందేశం సుమారు అరగంట ఆలస్యంగా వచ్చింది. పత్రికలు ఎగతాళి చేశాయి గానీ, లోపం పరీక్షలో దొరకడమే కదా కావలసింది. ప్రజల చెవికి అలవాటు చేయడం రెండో ప్రయోజనం. 2017 సెప్టెంబరు 19న మెక్సికో నగరమంతా ఏటా జరిపే భూకంప అభ్యాసంలో పాల్గొంది. రెండు గంటల తర్వాత నిజమైన భూకంపమే వచ్చింది. కేంద్రం దగ్గరలో ఉండటం వల్ల నగరంలో సైరన్లు దాదాపు కంపనంతో పాటే మోగాయి. మెట్లు ఎటున్నాయో మాత్రం ఉదయమే చాలామంది ఒకసారి నడిచి చూసి ఉన్నారు.

## ప్రమాదం గడిచాక

ఇంటికి ఎప్పుడు తిరిగి వెళ్లవచ్చు?

ప్రమాదం తొలగిందని అధికారికంగా చెప్పాకే. ఫ్రాన్స్‌లో 30 సెకన్ల ఏకస్వర కూత, జర్మనీలో ఒక నిమిషం ఏకస్వర కూత అందుకు గుర్తు. సందేశంలో రాసిన గడువు ముగిసిందంటే ప్రమాదం ముగిసినట్లు కాదు, ఆ సందేశం చెల్లుబాటు ముగిసింది అంతే. సునామీలో మొదటి అల కన్నా తర్వాతివి పెద్దవి కావచ్చు, గంటల తరబడి రావచ్చు. తుపాను కేంద్రం నెత్తి మీదికి వచ్చినప్పుడు గాలి నిలిచిపోయి ఆకాశం తేటపడుతుంది. ఆ నిశ్శబ్దాన్ని నమ్మి బయటికి వచ్చినవారిని ఎదురుదిశ నుంచి వచ్చే గాలి కొడుతుంది.

ఖాళీ చేయించారు, చివరికి ఏమీ జరగలేదు. ఇది తప్పుడు హెచ్చరికే కదా?

కాదు. లేని ప్రమాదాన్ని ఉందని చెప్పడం తప్పుడు హెచ్చరిక. ఉన్న ప్రమాదం దారి మళ్లడం వేరు. తుపాను తీరం తాకే చోటును ఒక రోజు ముందు పదుల కిలోమీటర్ల తేడాతో మాత్రమే చెప్పగలరు. ఆ మేర అంతటినీ ఖాళీ చేయిస్తే కొన్ని ఊళ్లు తప్పించుకోవడం ఖాయం, ఏ ఊళ్లో మాత్రం ముందు తెలియదు. ఆ తర్వాత అధికారులు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని చాలాచోట్ల విస్మరిస్తారు: ఏం అంచనా వేశాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చిందన్నది రెండు మూడు రోజుల్లో ప్రజలకు విడమరచి చెప్పడం. కూలి పోగొట్టుకొని, పిల్లలను ఎత్తుకొని ఆశ్రయానికి నడిచినవారికి ఆ వివరణ పొందే హక్కు ఉంది. అది అందకపోతే మీరే రాతపూర్వకంగా అడగండి.